ఆదివారం రాజేసిన పొయ్యి

ఐనర్ పీల్ పరువు శనివారం మధ్యాహ్నం ఊరి హాల్లో, అందరి కళ్ల ముందూ పోయింది. ఎలా పోయిందో చెప్పేముందు, కొత్తగా వచ్చి కూర్చున్నవాళ్ల కోసం నాలుగు మాటలు.

బోర్న్‌హోల్మ్ దీవిలో స్టెన్‌విగ్ అనే చిన్న రేవు. అక్కడ హెర్రింగ్ చేపకి పొగబెట్టి అమ్మే కొట్టం ఐనర్‌ది. అంతకుముందు వాళ్ల నాన్నది. చలికాలం కొట్టం మూసి ఉంటుంది కాబట్టి ఆ ఖాళీలో అతను జీవితంలో ఒకే ఒక్క నవల రాశాడు. పేరు ‘వాళ్లు వెళ్లలేదు’. యుద్ధం చివర్లో దీవిని పట్టుకున్న రష్యన్ సైన్యం నిజానికి మరుసటి వసంతంలో వెళ్లిపోయింది. వెళ్లకుండా ఉండిపోతే మన గతి ఏమయ్యేది? అదే కథ. ఐనర్ కొట్టంలోనే చేపలు గుచ్చే పని చేసిన కార్నా అందులో నాయిక. పేరు కూడా మార్చలేదు. కార్నా పోయిన తర్వాత రాసిన పుస్తకం కనుక ఆమె కూతురు థోరాని అడిగాడు. ‘అదే పేరు ఉంచు’ అంది థోరా.

ఈ తీరంలో ఆదివారం దేవుడి రోజు, కొట్టాల్లో ఎవరూ పొయ్యి రాజెయ్యరు. శనివారం రాత్రి పడవలు వేటకి పోవు, ఆదివారం పొద్దున పొగగొట్టాలన్నీ చల్లగా ఉంటాయి. నవలలో కార్నా ఆ అలవాటునే ఆయుధం చేసుకుంటుంది. ఆదివారం ఐనర్ వాళ్ల కొట్టం నుంచి పొగ లేచిందంటే, ఆ రాత్రి స్వీడన్‌కి ఒక పడవ వెళుతుందని గుర్తు. అంతే, కథకి ఆయువుపట్టు అదే. దీవిలో ప్రతి ఇంట్లోనూ ఆ పుస్తకం ఒకటి ఉంది. కోపెన్‌హాగన్ నుంచి క్రారుప్ అనే దర్శకుడు వచ్చి సినిమా తీస్తానన్నాడు. ఐనర్ ఒప్పుకున్నాడు.

ఒప్పుకోవడం అంటే ఊరికే ఒప్పుకున్నాడా? ముప్ఫై ఏళ్లు రేవులో బేరాలాడినవాడు. షూటింగ్ మా ఊళ్లోనే జరగాలన్నాడు. సరే అన్నాడు క్రారుప్. మనుషులకి తిండి మా ఊరివాళ్లే వండాలన్నాడు. సరే. పొగకి కట్టె నా దగ్గరే కొనాలి, అదీ మేం చేపకి వాడే ఆల్డర్ చెట్టు కట్టే వాడాలి. సరే. మొదటి ఆట కోపెన్‌హాగన్‌లో కాదు, మా ఊరి హాల్లో వెయ్యాలి, వారం రోజులు ఆడించాలి, హాలు తాళం నా దగ్గరే ఉండాలి. సరే, సరే, సరే. ఆ రోజు ఐనర్ ఈలేసుకుంటూ ఇంటికి వచ్చాడు. అడిగినదానికల్లా తలూపేవాడు తాను ఇవ్వదలుచుకోనిదేదో వెనక దాచుకున్నాడని, చేపల బేరంలో అయితే మొదటి మాటకే పసిగట్టేవాడు. కథలో ఏమేం మార్చకూడదన్న ఒక్క సంగతి మాత్రం అతను అడగలేదు. అది తూకానికి వచ్చే సరుకు కాదు కదా, గుర్తు రాలేదు.

ఇప్పుడు హాల్లోకి వద్దాం.

సినిమా పేరు ‘మంచుదీవి’. కథంతా వసంతంలో జరుగుతుంది, మంచు ఎక్కడా లేదు. ఆ పేరైతే జర్మనీలో ఆడుతుందట. మొదటి సీన్లోనే ఐనర్ కొట్టం కనబడింది, రెండు పొగగొట్టాల నుంచీ పొగ దట్టంగా లేచింది. హాల్లో చప్పట్లు. రెండో సీన్లోనూ పొగ. మూడో సీన్లోనూ. పెళ్లి సీన్లో పొగ, చావు సీన్లో పొగ. చర్చి గంట మోగుతుంది, జనం ఆదివారం బట్టల్లో లోపలికి వెళుతుంటారు, వెనకాల అదే పొగ.

వెనక బెంచీ మీద నుంచి హోల్గర్ గొంతు వినిపించింది. పడవ నడిపి నడిపి ముసలివాడయ్యాడు గాని నోరు ముసలిది కాలేదు.

“ఐనర్, రోజుకో పడవ స్వీడన్ వెళ్లిపోతుంటే దీవిలో మిగిలిందెవర్రా? మనం ఎవరం?”

హాలు నవ్వింది. ఐనర్ కూడా నవ్వినట్టు పెదాలు సాగదీశాడు. షూటింగ్ రోజుల్లో క్రారుప్ మనిషి వచ్చి ఇంకో బండి కట్టె, ఇంకో బండి కట్టె అని అడిగినప్పుడల్లా తాను ఎంత హుషారుగా తోలించాడో గుర్తొచ్చింది. రోజూ పొగ ఎందుకయ్యా, కథలో పొగ ఆదివారమే కదా అని ఒక్కసారన్నా అడిగాడా? కట్టె అమ్ముడుపోతోంది, అంతవరకే చూశాడు. తన కథకి ఆయువుపట్టు ఏదో దాన్ని తన చేతులతోనే బండ్లకెత్తి అమ్ముకున్నాడు.

తర్వాత తెర మీద తనే కనబడ్డాడు. సరదాకి ఒక్క క్షణం నిలబడండి పీల్ గారూ, టోపీ తీసి పెట్టుకోండి చాలు అన్నాడు క్రారుప్ అప్పట్లో. ఎవరికి తీస్తున్నాననుకుని తీశాడో గాని, తెర మీద ఐనర్ పీల్ రష్యన్ కమాండెంటుకి వంగి టోపీ తీస్తున్నాడు. ఈసారి ఎవరూ నవ్వలేదు. పక్కన కూర్చున్న భార్య సిగ్నె అతని మోకాలి మీద చెయ్యి వేసి, మళ్లీ తీసేసింది.

అప్పటికీ అది భరించగలిగేదే. భరించలేనిది తర్వాత వచ్చింది. తెర మీద కార్నా కమాండెంటు ఒళ్లో కూర్చుంది. అతని చెవిలో పేర్లు చెప్పింది. పడవ నడిపేవాళ్ల పేర్లు, ఒక్కొక్కటీ, నవ్వుతూ. ఆ వేషం కట్టిన పిల్ల నడుముకి ఉన్న నీలం గళ్ల ఏప్రన్ నిజంగా కార్నాదే. సినిమావాళ్లకి కావాలని ఐనరే థోరా ఇంటికి వెళ్లి అడిగి పట్టుకొచ్చాడు.

కార్నా గురించి ఈ ఊళ్లో ఒకప్పుడు గుసగుసలు ఉండేవి. సైన్యం వెళ్లిన ఏడాదే థోరా పుట్టింది, కార్నా తాపీమేస్త్రి ఇప్సెన్‌ని హడావుడిగా పెళ్లాడింది. ఐనర్ నవల వచ్చాక ఆ గుసగుసలు ఆగాయి. వీరవనిత అన్నారు. ఇప్పుడు ఊరంతా ఒక్కసారే కుర్చీల్లో కదిలింది. మూడో వరసలో థోరా లేచి నిలబడింది. తెర మీది వెలుగు ఆమె ముఖాన పడింది. ఎవరి వంకా చూడకుండా బయటికి నడిచింది.

సినిమా అయ్యాక చప్పట్లు పడ్డాయి. మర్యాదకి కొట్టే చప్పట్లు ఎలా ఉంటాయో వ్యాపారికి తెలుసు. క్రారుప్ బయట మెట్ల మీద సిగరెట్ ముట్టించుకుంటున్నాడు.

“కార్నాని అలా ఎందుకు చేశారు?” అన్నాడు ఐనర్.

“పీల్ గారూ, మీ నవలలో ఆవిడ మరీ కడిగిన పళ్లెంలా ఉంది. తెర మీద అలాంటివాళ్లని ఎవరూ చూడరు.”

“చూడకపోతే మానేస్తారు. ఆవిడ నిజంగా బతికిన మనిషి. కూతురు ఇవాళ హాల్లో ఉంది.”

“నేను గాల్లోంచి తెచ్చానా? రష్యన్‌తో ప్రేమ సంగతి మీ ఊరివాళ్లే చెప్పారు నాకు.”

“ఎవరు?”

“మాటిచ్చాను, చెప్పలేను.” క్రారుప్ సిగరెట్ పొగ పక్కకి వదిలాడు. “మీరేం బాధపడకండి. మీ పేరు పెద్దక్షరాల్లోనే వేశాం.”

ఆ మాట నిజం. అదే ఇప్పుడు బాధ.

థోరా ఇల్లు రేవు పైన, ఏటవాలు సందు చివర ఉంది. ఆ సందులో నడుస్తుంటే కిటికీల వెనక కాఫీ కప్పుల చప్పుడు ఆగడం ఐనర్‌కి తెలుస్తూనే ఉంది. చిన్నప్పుడు కూడా ఇదే సందులో ఇలాగే తలొంచుకుని నడిచిన రోజులున్నాయి. అతనికి పదేళ్లప్పుడు వాళ్ల నాన్న ఒక ఆదివారం పొయ్యి రాజేశాడు. ఊరి చరిత్రలో ఎవరూ చెయ్యని పని. ప్రార్థన మందిరంలో పెద్దలు నిలదీశారు. ‘చేప పాడవుతుందని’ అన్నాడు నాన్న. ఆ వారం చేపే పడలేదని అందరికీ తెలుసు. అబద్ధం, పైగా ఆదివారం. ఆ తర్వాత నాన్నని ముందు బెంచీలో కూర్చోనివ్వలేదు. బళ్లో పిల్లలు ఐనర్‌ని ‘పొగ’ అని పిలిచేవారు. ఆ పొగకి ఏదో గొప్ప కారణం ఉండి ఉంటే ఎంత బాగుండునని కుర్రాడు అనుకున్న ఊహే, పెద్దయ్యాక నవల అయింది.

తలుపు తీసే ఉంది. థోరా వంటింట్లో టేబుల్ దగ్గర కోటు కూడా విప్పకుండా కూర్చుని ఉంది.

“రా. నువ్వొస్తావని తెలుసు,” అంది. “క్షమించమని అడగడానికే అయితే నిలబడే అడిగేసి వెళ్లు. కూర్చుంటే కాఫీ పెట్టాలి, ఓపిక లేదు.”

ఐనర్ నిలబడే ఉన్నాడు. “ఏప్రన్ తీసుకెళ్లింది నేనే.”

“అవును.”

“ఒప్పందంలో అన్నీ అడిగాను థోరా. ఈ ఒక్కటీ అడగలేదు. ఊళ్లో ఎవడో లేనిపోనివి ఆ క్రారుప్ చెవిలో ఊదాడు. ఎవడో కనుక్కుంటాను. ఊరందరి ముందూ...”

“నేనే.”

అతనికి అర్థం కాలేదు.

“ఎవడో కాదు, నేనే ఊదాను. అదిగో, ఆ కుర్చీలోనే కూర్చున్నాడు. రై రొట్టె మీద నీ చేప వేసి పెట్టాను. బాగా విన్నాడు. నా జన్మలో అంత బాగా విన్న మగాడు లేడు. అంతా చెప్పేశాను.”

ఐనర్ కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. కాఫీ సంగతి ఎవరికీ గుర్తులేదు.

“నీ పుస్తకం చదివినప్పుడు సంతోషించాను, కాదనను,” అంది థోరా. “బజారుకి వెళితే రొట్టెలమ్మి కూడా మీ అమ్మ అంతటిది ఇంతటిది అనేది. కానీ ఐనర్, నీ కార్నా ఎవర్నీ ప్రేమించదు. పుస్తకమంతా వెతికాను. నాలుగు వందల పేజీల్లో ఒక్కడినీ ముద్దు పెట్టుకోదు. పొయ్యి రాజేస్తుంది, పడవ పంపిస్తుంది, మళ్లీ పొయ్యి రాజేస్తుంది. మా అమ్మ అలా ఉండేది కాదు. వంట చేస్తూ పాడేది, అదీ రష్యన్‌లో పాడేది. మా నాన్న ఇప్సెన్ వింటూ ఊరుకునేవాడు. ఆయనకి అన్నీ తెలిసే చేసుకున్నాడు.”

“అయితే ఆ గుసగుసలు...”

“నిజమే. కమాండెంటు కాదు, గుర్రాలకి మేత వేసే కుర్రాడు. యెగోర్ అని. అమ్మ కోసం సైన్యం నుంచి పారిపోయాడు. పేర్లు చెప్పడం లాంటిదేమీ లేదు. చెప్పడానికి పేర్లెవరివి, వాళ్లిద్దరివి తప్ప?” ఆమె కోటు బొత్తాం తిప్పుతూ ఉంది. “నువ్వు అమ్మలో సగం రాశావు. మిగతా సగం నేను ఆ పెద్దమనిషికి ఇచ్చాను. రెండూ కలిపి నిండు మనిషిని చేస్తాడనుకున్నాను. వాడు రెండూ అవతల పారేసి మూడో ఆడదాన్ని తెచ్చాడు. ఇప్పుడు చెప్పు, ఎవరు ఎవర్ని క్షమించాలి?”

“ఇన్నేళ్లలో నాకెందుకు చెప్పలేదు?”

“నీకు చెబితే త్రాసులో పెడతావు. ఊరికి ఏది నచ్చుతుంది, ఏది నచ్చదు అని చూస్తావు. చూడవా?”

నిజమే, ఐనర్ చూసేవాడే.

“కుర్రాడిని ఎక్కడ దాచారు?” అన్నాడు.

థోరా అతని వంక వింతగా చూసింది. “నీకు నిజంగా తెలియదా? మీ కొట్టంలోనే. పొయ్యిల వెనక అటక మీద. వెతికే సైనికులకి ఊరి అలవాటు తెలుసు. ఆదివారమైతే పొయ్యిలు చల్లగా ఉంటాయి, పొగగొట్టం లోపలికి కూడా ఎక్కి చూడొచ్చని ఆదివారమే, ఊరంతా ప్రార్థనలో ఉండగా వచ్చారు. మీ నాన్న వాళ్లని సందు మొదట్లోనే చూసి రెండు పొయ్యిలూ రాజేశాడు. పచ్చి కట్టె పెట్టాడు. ఆ పొగలోకి వాళ్లూ పోలేకపోయారు, కుక్కలూ పోలేకపోయాయి. అటక మీద యెగోర్ తడిగుడ్డ మూతికి కట్టుకుని బోర్లా పడుకున్నాడు. సైన్యం ఓడలెక్కి వెళ్లిపోయాక మీ నాన్నే స్వీడన్‌కి దాటించాడు.”

నాన్న పోయేదాకా వెనక బెంచీలోనే కూర్చున్నాడు. ఒక్కసారి కూడా నోరు విప్పలేదు. కొడుకు సిగ్గుపడుతున్నాడని తెలిసి కూడా విప్పలేదు. ఆ పొగకి కారణం కల్పించడానికి ఐనర్ ఒక సైన్యాన్ని దీవిలో ఆపేశాడు, దేశ చరిత్రనే మార్చి రాశాడు. అసలు కారణం ఈ వంటింట్లో, నాలుగిళ్ల అవతల, ఊరికే పడి ఉంది.

“వాళ్లు వెళ్లలేదని పేరు పెట్టావు,” అంది థోరా. “అందరూ వెళ్లారు. ఒక్కడు వెళ్లలేదు.”

“బతికే ఉన్నాడా?”

ఇంతసేపూ గట్టిగా ఉన్న మనిషి అప్పుడు ముఖం తిప్పుకుంది.

“స్వీడన్‌లో యోరన్ అంటారు ఆయన్ని. ప్రతి వేసవికీ వెళ్లి చూసొస్తాను. ఈ దీవికి మాత్రం మళ్లీ ఎప్పుడూ రాలేదు. సోవియట్ యూనియనే పోయింది కదా, ఇంకా భయమేంటి అంటే నవ్వేవాడు గాని పడవ ఎక్కేవాడు కాదు. ఈసారి నేనే రాశాను. అమ్మని తెర మీద చూపిస్తున్నారు, మీ ఇద్దరి సంగతీ ఉంది, రా నాన్నా అని. కొత్త కోటు కుట్టించుకున్నాడట.” కోటు జేబులోంచి టికెట్ తీసి టేబుల్ మీద పెట్టింది. “రేపటి పడవకి వస్తున్నాడు. ఇల్లు వదిలి బయల్దేరిపోయాడు కూడా, ఆపడానికి దారి లేదు. రేపటి ఆటకి టికెట్ కొని పెట్టాను. ఆయన ముఖం చూడలేను ఐనర్. నువ్వు వెళ్లు రేవుకి.”

“నన్నెలా గుర్తుపడతాడు?”

“మీ నాన్న పోలికలే కదా నీకు.”

*

ఆదివారం పొద్దున్నే ఐనర్ హాలు తాళం జేబులో వేసుకున్నాడు. ఇవాళ ఆట లేదు. ఒప్పందం సంగతి తర్వాత. బకెట్లో వేడినీళ్లు, గీకడానికి ఒక రేకు ముక్క పట్టుకుని బయల్దేరాడు. రొట్టెల దుకాణం గోడ మీద పోస్టరు గీకాడు. హాలు తలుపు మీదది, కిరాణా కొట్టు కిటికీ మీదది, బస్సు ఆగేచోట ఉన్నది గీకాడు. అన్నీ తను అంటించినవే, ఎంత చిక్కటి జిగురు వాడాడో ఇప్పుడు తెలిసొచ్చింది. కార్నా ముఖం ఒక్కోచోట సగం చిరిగి గోడకే అంటుకుపోతే గోళ్లతో గీరి తీశాడు. చర్చికి వెళుతున్నవాళ్లు చూశారు, పలకరించలేదు.

కొట్టానికి వచ్చి కట్టె పేర్చడం మొదలుపెట్టాడు. సిగ్నె గుమ్మంలో నిలబడింది.

“ఇవాళ ఆదివారం.”

“తెలుసు.”

“మీ నాన్నకి పట్టిన పిచ్చే నీకూ పట్టిందా?”

“ఆ,” అన్నాడు ఐనర్. “అదే.”

రాత్రే ఆమెకి అంతా చెప్పాడు. సిగ్నె కాసేపు అతన్నీ కట్టెనీ చూసి, లోపలికి వెళ్లి అగ్గిపెట్టె తెచ్చి ఇచ్చింది. “పచ్చివి కూడా రెండు వెయ్యి,” అంది. “దూరానికి కనబడాలిగా.”

పొగ లేచింది. ముందు పలచగా, తర్వాత తెల్లగా, చిక్కగా. గాలి లేని రోజు, నిటారుగా పైకి పోయింది. చర్చి నుంచి బయటికి వస్తున్నవాళ్లు మెట్ల మీదే ఆగిపోయారు.

“ఏరా ఐనర్, ఇంకా షూటింగ్ అవలేదా?” అని రేవు గట్టు మీద నుంచి హోల్గర్ అరిచాడు. “లేకపోతే స్వీడన్ పోతున్నావా? పోతే పోరా, నిన్నటి సినిమా తర్వాత నేనైనా పోతాను.”

“పోవడం కాదు,” అన్నాడు ఐనర్ అతని పక్కనుంచి నడుస్తూ. “ఒకాయన వస్తున్నాడు.”

హోల్గర్ కళ్లకి చెయ్యి అడ్డం పెట్టుకుని సముద్రం వంక చూశాడు.

పడవ రేవు నోట్లోకి తిరిగింది. ముందు అంచున కమ్మీ పట్టుకుని పొడవాటి ముసలాయన ఒకడు నిలబడి ఉన్నాడు. ముదురు నీలం కోటు, కొత్తదని ఇంత దూరానికీ తెలుస్తోంది. తలెత్తి పొగనే చూస్తున్నాడు. ఒక చెయ్యి కమ్మీ వదిలి మూతి దగ్గరికి వెళ్లి, తడిగుడ్డ అదుముకున్నట్టు, అక్కడే ఆగింది.

ఐనర్ టోపీ తీశాడు. ఈసారి ఎవరూ తియ్యమనలేదు.

ముసలాయన అతన్ని చూశాడు. చాలాసేపు చూశాడు. తర్వాత నెమ్మదిగా, పళ్లు లేని నోటితో నవ్వాడు. ఇంక ఫరవాలేదు, ఇంటికి తీసుకెళతాను, చేప పెడతాను, సినిమా లేదని ఏదో ఒకటి చెబుతాను, నిజం థోరా తన నోటితో తనే చెబుతుంది అనుకున్నాడు ఐనర్.

పడవ గట్టుకి ఆనింది. ముసలాయన చూపు ఐనర్ మీద నుంచి పక్కకి జరిగింది, ఐనర్ వెనక్కి, ఇంకాస్త పైకి. నవ్వు అలాగే ఉంది గాని కళ్లు చిన్నవయ్యాయి. కొత్త కోటు జేబులో చెయ్యి పెట్టి కళ్లజోడు కోసం వెతుక్కుంటున్నాడు.

అప్పుడు ఐనర్‌కి గుర్తొచ్చింది. రేవు గట్టున చేపలకి వేసే మంచుగడ్డలు నిలవుంచే షెడ్డు గోడ, ఊరివైపుది కాదు, సముద్రం వైపుది. ఊళ్లో తిరిగేవాళ్లకి కనబడదు, పడవ దిగేవాళ్లకి మాత్రమే కనబడుతుంది. గిరాకీ గట్టు మీద కాలు పెట్టకముందే సరుకు కళ్లబడాలని, పనిగట్టుకుని నిచ్చెన వేయించి, అన్నిటికంటే పెద్ద పోస్టరు తనే అక్కడ అంటించాడు. నీలం గళ్ల ఏప్రన్‌లో కార్నా, ఆమె భుజం మీద కమాండెంటు చెయ్యి, అరెస్టు చేస్తున్న చెయ్యేనని అంటించేటప్పుడు అనుకున్నాడు, కింద పెద్దక్షరాల్లో ఐనర్ పీల్ అన్న పేరు.

ముసలాయన కళ్లజోడు తుడిచి పెట్టుకున్నాడు.